రొట్టెల బండి, ఫ్లష్ డబ్బా

నా స్పేర్ పార్టుల కొట్లో ఇంజన్ ఫ్లష్ డబ్బాలు కౌంటరు వెనక పై అరలో ఉంటాయి. ఎవరైనా అడిగితే నేను వెనక్కి తిరిగి, మునివేళ్ల మీద లేచి అందుకోవాలి. కావాలనే అక్కడ పెట్టాను. అందుకునే లోపల రెండు ప్రశ్నలు అడగడానికి వీలవుతుంది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చావు అని. వచ్చిన జవాబు నమ్మను. బండి సంగతి బండివాడు ఎప్పుడూ కాస్త తగ్గించే చెబుతాడు. డబ్బా చేత్తో పట్టుకునే కౌంటరు పలక ఎత్తి బయటికి వస్తాను. ఇంజన్ ఆయిల్ పోసే మూత తీయించి, తిరగేసి, లోపలి వైపు తెల్లకాగితంతో తుడుస్తాను. కాగితం మీద ముదురు గోధుమ మరక పడితే డబ్బా ఇస్తాను. తారులాంటి నల్లటి ముద్ద అంటుకుంటే ఇవ్వను.

ఆ మందు మంచిదే. పాత ఆయిల్లో పోసి, బండిని కదలనివ్వకుండా పది నిమిషాలు ఇంజన్ తిప్పితే లోపల పేరుకున్న మడ్డి కరిగి, ఆయిల్‌తో పాటు కిందికి దిగిపోతుంది. తర్వాత కొత్త ఆయిల్ పోసుకోవాలి. “బండికి విరేచనాల మందు” అంటాను నేను. నవ్వుతారు, కొంటారు. కానీ ఏళ్ల తరబడి పట్టించుకోని ఇంజన్లో పోస్తే మడ్డి మొత్తం కరగదు, పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. అడుగున ఆయిల్‌ని పైకి పీల్చే గొట్టానికి చిన్న జల్లెడ ఉంటుంది. ఆ పెళ్లలు పోయి దానికి అడ్డం పడితే ఆయిల్ పైకెక్కదు, ఇంజన్ పట్టేస్తుంది. అలాంటి బండికి నేను వేరే దారి చెబుతాను. కొత్త ఆయిల్ పోసి కొన్నాళ్లు తిప్పు, తీసెయ్యి, మళ్లీ పొయ్యి. మూడు నాలుగు నెలల పని. విసుక్కుంటూ పోతారు, కొందరు పక్కవీధి కొట్లో అదే డబ్బా కొనుక్కుంటారు. కొనుక్కోనీ.

ఇదేదో నా మంచితనం అనుకోకండి. పట్టేసిన ఇంజన్ తాలూకు మనిషి తిరిగి నా గుమ్మం ముందుకే వస్తాడు. అరుస్తాడు. పదిమంది వింటారు. ఒక డబ్బా అమ్మకం ఒకవైపు, ఆ అరుపు ఇంకోవైపు పెట్టి తూస్తే ఏది బరువో నాకు తెలుసు.

కొట్టు పెట్టిన ఈ తొమ్మిదేళ్లలో మూత తీసి చూడకుండా ఒక్కరికే ఇచ్చాను. మా బావకి.

బావది రొట్టెల బండి. ఎత్తు డబ్బా కట్టించిన పాత డీజిల్ వ్యాను. తెల్లవారేసరికి బేకరీ దగ్గర చెక్క ట్రేలు ఎక్కించుకుని, ముప్పై రెండు కొట్లకి వేసి, తొమ్మిదిన్నరకల్లా ఖాళీ ట్రేలు తిరిగి అప్పజెప్పాలి. పదమూడేళ్లుగా అదే రూటు, అదే బండి. మా అక్క, ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, అన్నీ ఆ నాలుగు చక్రాల మీదే నిలబడి ఉన్నాయి. నా కొట్లో ఇనప అరలు కూడా ఆ బండిలోనే వచ్చాయి. మూడు ట్రిప్పులు వేశాడు. ప్రతి అరనీ తన వీపు మీదే లోపలికి మోశాడు. “నీ కొట్టు, నా వీపు. పేరు మాత్రం నీదే పెట్టుకో” అన్నాడు.

కొట్టు పెట్టిన కొత్తలో మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది, నోటిమాటగా కూడా అనుకోనిది. మూడు నెలలకోసారి బావ వచ్చి ఇంజన్ ఆయిల్ డబ్బా ఒకటి తీసుకెళ్లేవాడు. నేను లెక్క రాసేవాణ్ని కాదు. తను కౌంటరు మీద రెండు రొట్టెలు పెట్టి వెళ్లేవాడు, ఇంకా వేడి ఆరనివి.

రెండేళ్ల కిందట ఒకరోజు బావ డబ్బా కోసం వచ్చేసరికి కొట్లో నలుగురైదుగురు ఉన్నారు. బేరం బాగా సాగుతోంది, నా నోరూ బాగా సాగుతోంది. “మా బావ వచ్చాడంటే అరలో ఒక డబ్బా తగ్గినట్టే. అక్కని ఇచ్చాం, ఆయిల్ కూడా ఇస్తున్నాం. ఇంకేం మిగిలిందో చూసి చెప్పు బావా, అదీ కట్టిస్తాను” అన్నాను. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. డబ్బా చంకలో పెట్టుకుని, రొట్టెలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాత మూడు నెలలకి రాలేదు. అడిగితే, “బేకరీ పక్కనే షెడ్డు పెట్టారు బామ్మర్దీ. ఆయిల్, ఫిల్టరు అన్నీ అక్కడే మార్చేస్తున్నారు. నీకెందుకు శ్రమ” అన్నాడు. సరే అన్నాను. ఏడాదికి నాలుగు డబ్బాలు మిగిలాయి అనుకున్నాను. ఆ రెండు రొట్టెలూ ఆగిపోయిన సంగతి నా లెక్కలోకి రాలేదు.

మొన్న వానలు వెనకబట్టాక ఒక మంగళవారం సాయంత్రం బావ బండి కొట్టు ముందు ఆగింది. ఆగిన తర్వాత కూడా కాసేపు నీలం రంగు పొగ దాని వెనక వేలాడుతూనే ఉంది. బావ దిగి, అరుగు మీదికి ఎక్కకుండా కిందే నిలబడ్డాడు.

“ఏం బావా, ఇంటికొచ్చిన పెళ్లికొడుకులా అక్కడే నిలబడ్డావ్? రా.”

“రేపు పొగ పరీక్ష. బేకరీ వాళ్లు కాగితం అడుగుతున్నారు. రేపే ఆఖరు” అన్నాడు.

“ఇన్నాళ్లూ ఏం చేశావ్?”

“పోయినవారం వెళ్లాను. తప్పింది. పొగ ఎక్కువుందన్నారు. రేపు కూడా తప్పితే రూటు వేరేవాళ్లకిస్తాం అన్నాడు ఓనరు. ఇప్పటికే ఒకడు కొత్త బండి తెచ్చి గేటు దగ్గర పెట్టుకు కూర్చున్నాడు. పొద్దున్నే నాకు నమస్కారం కూడా పెడుతున్నాడు వెధవ.”

నీలం పొగంటే ఆయిల్ కాలుతోందన్నమాట. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మసి పట్టి బిగుసుకుపోతే అలా వస్తుంది. ఫ్లష్ పోస్తే రింగులు వదులవుతాయి, పొగ తగ్గుతుంది. నేను వెనక్కి తిరిగి పై అరలోంచి డబ్బా తీశాను. దాంతో పాటు డీజిల్ ట్యాంకులో కలిపే చిన్న సీసా, కొత్త ఆయిలు, ఫిల్టరు కూడా తీసి బల్ల మీద పెట్టాను.

“ఆయిల్ టైముకి మారుస్తున్నావుగా?”

“ఆఁ, మారుస్తూనే ఉన్నాను.”

బావ నా వైపు చూడలేదు. గోడ మీద బెల్టుల గుత్తుల్ని చూస్తున్నాడు.

బండి ఆరు అంగల దూరంలో ఉంది. ఆ వ్యానులో ఇంజన్ డ్రైవరు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తితే మూత చేతికందుతుంది. సీటు మీద అక్క కుట్టిన గళ్ల గుడ్డ దిండు, దాని మీద బావ టిఫిన్ డబ్బా, రశీదుల పుస్తకం ఉన్నాయి. అవన్నీ తీసి, సీటు ఎత్తి, మూత తిప్పి, కాగితంతో తుడవడానికి రెండు నిమిషాలు చాలు. కౌంటరు దగ్గర ఇద్దరు మనుషులు బ్రేకు షూల కోసం ఎదురుచూస్తున్నారు. అయినా అసలు కారణం వాళ్లు కాదు. బావ మారుస్తున్నానన్నాక మూత తియ్యడమంటే నీ మాట నమ్మనని మొహం మీద చెప్పడమే. బయటివాడిని అనుమానించడం నాకు వ్యాపారం. ఇంటివాడిని అనుమానించడం మర్యాద కాదనుకున్నాను. రెండేళ్ల క్రితం నలుగురిలో నవ్వినప్పుడు ఆ మర్యాద ఎక్కడుందో అప్పుడు గుర్తు రాలేదు.

“పాత ఆయిల్లోనే ఇది పొయ్యి. పది నిమిషాలు నిలబెట్టి తిప్పు, యాక్సిలేటరు గట్టిగా తొక్కకు. వేడి మీదే ఆయిల్ దింపేసి ఈ కొత్తది పొయ్యి” అని చెప్పి సంచీలో పెట్టాను.

బావ జేబులో చెయ్యి పెట్టాడు.

“తియ్యి బావా, నీ దగ్గర తీసుకుంటానా” అన్నాను. చెయ్యి కాసేపు జేబులోనే ఉంచి, తర్వాత ఖాళీగా బయటికి తీశాడు.

మర్నాడు మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. పరీక్ష గట్టెక్కింది. “బండి గొంతే మారిపోయిందిరా. మీ బావ కడుపు నిండా అన్నం తిని ఎన్నాళ్లయిందో, ఇవాళ రెండోసారి వడ్డించుకున్నాడు. నీ చేతి చలవ” అంది. సాయంత్రం బావే వచ్చాడు, రెండు రొట్టెలతో. బల్ల మీద పెట్టాడు. నేను వాటికన్నా ముందు అతని చేతిలో ఉన్న పరీక్ష కాగితం అందుకున్నాను. పోయినవారం తప్పిన అంకె, ఈ వారం గట్టెక్కిన అంకె, పక్కపక్కనే ఉన్నాయి. ఎదురు కొట్లో జిరాక్సు తీయించి, ఫ్లష్ డబ్బాల అర కింద గోడకి అంటించాను.

“ఇంకేం, నా బండికి పటం కట్టి పెట్టావ్” అన్నాడు బావ నవ్వుతూ.

“నీ బండి పొగ నా కొట్టుకి అగరుబత్తి బావా” అన్నాను.

ఆ కాగితం చూపించి రెండు రోజుల్లో పదకొండు డబ్బాలు అమ్మాను. ఆ పదకొండింటికీ మూత తీసి చూశాను.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి ఫోను వచ్చింది. బావే. “బామ్మర్దీ, బండి ఆగిపోయింది” అన్నాడు. మామూలు గొంతే. నేను వెళ్లేసరికి బండి ఎత్తురోడ్డు మధ్యలో, ఎడమవైపు అంచుకి నెట్టి ఉంది. బావ రెండు ట్రేలు ఒకదాని మీద ఒకటి తలమీద పెట్టుకుని కాలినడకన పై కొట్టుకి వెళ్తున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నన్ను చూసి ఆగలేదు. వేసి తిరిగొచ్చి, ఇంకో రెండు ఎత్తుకున్నాడు.

“ఆయిల్ ఎర్ర దీపం వెలిగింది. ఇంకా ఆరు కొట్లే కదా, వేసేసి చూద్దాం అనుకున్నాను” అన్నాడు. “తర్వాత ఒకటే శబ్దం. ఇనప గిన్నెలో రాళ్లేసి ఊపినట్టు.”

నేను తాళం తిప్పి చూశాను. ఠక్‌మని ఒక చప్పుడు, అంతే. ఇంజన్ ఎక్కడికక్కడ బిగుసుకుపోయింది. నేను కూడా రెండు ట్రేలు తలకెత్తుకున్నాను. చివరి కొట్టుకి రొట్టెలు చేరేసరికి పదిన్నర దాటింది. ఈలోపే బేకరీ నుంచి కొత్త బండి వచ్చి ఖాళీ ట్రేలు ఎక్కించుకుంది. తోలుకొచ్చింది గేటు దగ్గర నమస్కారం పెట్టేవాడేనట. ఈసారి పెట్టలేదు. తల వంచుకుని ట్రేలు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు.

బండిని తాడు కట్టి మేస్త్రీ షెడ్డుకి లాక్కొచ్చాం. మేస్త్రీ షెడ్డు మా కొట్టుకి నాలుగు గుమ్మాల అవతలే. నాకు ఈ మూత తీసి చూసే పద్ధతి నేర్పిందీ అతనే. అతను బండి కిందికి దూరి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి విప్పి, రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. వేసి నాలుగు రోజులే అయిన ఆయిల్ నల్లగా ఉంది. అందులో వేలు పెట్టి తిప్పాడు. పెళ్లలు. బొగ్గు పొట్టులాగా, ఎండిన తారు చెక్కల్లాగా. జల్లెడ తీసి వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. ఒక్క కన్నంలోంచి కూడా వెలుతురు రాలేదు.

అప్పటికి షెడ్డులో నలుగురు పోగయ్యారు. వాళ్లలో ఇద్దరు ఆ వారమే నా దగ్గర ఫ్లష్ కొన్నవాళ్లు.

మేస్త్రీ గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు. “ఇది ఏళ్ల మడ్డి. దీన్లో ఫ్లష్ పోశారా? నువ్విచ్చావా?”

“ఇచ్చాను.”

“మూత తీసి చూడలేదా?”

అందరూ నా మొహమే చూస్తున్నారు. ఆ క్షణంలో నాకు బండి గుర్తు లేదు, అక్క గుర్తు లేదు. నా కొట్టు బోర్డు గుర్తుంది. గోడ మీద అంటించిన కాగితం గుర్తుంది.

“చూశాను. బానే ఉంది” అన్నాను.

మేస్త్రీ నమ్మలేదు. అతనికి ఇంజన్లు తెలుసు. తొట్టిలో ఇంత మడ్డి ఉంటే మూత కింద లేకుండా పోదు. నోరు తెరవబోయాడు. ఈలోగా నా వెనక నుంచి బావ మాట వినిపించింది.

“చూశాడు మేస్త్రీ. సీటు ఎత్తి, మూత తీసి చూశాడు. నేనే ముందురోజు మూతని డీజిల్‌తో కడిగాను. ఊరికే అలా కడిగాను. అతనికేం తెలుస్తుంది.”

ఆ మాటతో అక్కడున్నవాళ్లకి సంగతి తేలిపోయింది. తప్పు బండివాడిది. ఒకడు నాలిక చప్పరించాడు. ఇంకొకడు, “ఆయిల్ మార్చుకోడానికి కూడా బద్ధకమైతే ఎలా గురువుగారూ” అన్నాడు. బావ అవునన్నట్టు తల ఊపాడు. నేను నోరు విప్పితే ఆ తల అక్కడే ఆగేది. విప్పలేదు.

“లోపల క్రాంకు ఇరుసు కూడా గీసుకుపోయింది” అన్నాడు మేస్త్రీ, నాతో కాదు, బావతో. “దీనికి రిపేరు లేదు. ఇంకో ఇంజన్ వెయ్యాలి.”

“పాతది ఒకటి చూసి వేయిస్తాను బావా” అన్నాను నేను. అన్న మరుక్షణమే లోపల లెక్క మొదలైంది, ఇంజన్ ఎంత, కూలీ ఎంత, కొట్లో సరుకు ఎంత ఆపాలి అని. ఆ లెక్క నా మొహం మీద కనబడి ఉంటుంది.

“రూటే పోయాక ఇంజన్ ఎందుకు బామ్మర్దీ” అన్నాడు బావ. సీటు మీది దిండు తీసుకుని, దులిపి, చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. రెండేళ్ల కిందట నా దగ్గర డబ్బా తీసుకెళ్లినప్పుడూ అలాగే చంకలో పెట్టుకున్నాడు.

మర్నాడు అక్క దగ్గరికి వెళ్లాను. బావ ఇంట్లో లేడు. బేకరీ ఓనరుని ఇంకోసారి అడిగి చూద్దామని వెళ్లాడట. అక్క గుమ్మంలో కూర్చుని పిల్లాడి చొక్కాకి గుండీ కుడుతోంది.

“బేకరీ పక్క షెడ్డులో ఆయిల్ మార్పిస్తున్నాను అన్నాడక్కా నాతో” అన్నాను.

“ఏ షెడ్డు? అక్కడ షెడ్డు లేదు, ఏమీ లేదు” అంది అక్క తలెత్తకుండా. “మేస్త్రీలు వేరే బండ్లలోంచి తీసి పారేసే ఆయిల్ అడిగి తెచ్చుకునేవాడు. ఈ గుమ్మంలోనే కూర్చుని నా పాత చీర ముక్కలో వడగట్టేవాడు. తగ్గినప్పుడల్లా అదే పోసేవాడు.”

“నా దగ్గర ఆయిల్ ఉంది కదా.”

సూది ఆగింది. “ఉంది. నేనూ అదే అన్నాను. మీ తమ్ముడి కొట్లోకి నేను వెళ్తే అరలో డబ్బా తగ్గుతుందట అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. ఆ తర్వాత ఆ ఊసు నేనూ ఎత్తలేదు.”

నేను ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకుని వెళ్లాను. మూత నేను చూడలేదక్కా, మేస్త్రీ దగ్గర అబద్ధమాడాను, బావ నన్ను కాపాడాడు అని. నోటిదాకా వచ్చింది. అక్క దారం కొరికి తెంపి, “నువ్వు మూత కూడా తీసి చూశావటగా. మీ బావే చెప్పాడు. వాడు జాగ్రత్తగానే ఇచ్చాడు, నేనే దాచాను అన్నాడు” అంది. ఇంట్లో కూడా అదే చెప్పాడన్నమాట. ఇక నేను నిజం చెబితే బావ అబద్ధం బయటపడుతుంది. అలా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎంత సులువుగా కుదిరిందో ఆ లెక్క.

బేకరీ ఓనరు కుదరదన్నాడు. బండిని తుక్కు కొనేవాడు తూకానికి తీసుకెళ్లాడు. రొట్టెల డబ్బా చెక్కది కాబట్టి దాన్ని విరగ్గొట్టి రోడ్డు మీదే వదిలేశాడు. బావ రెండు నెలలు తిరిగాడు. యాభై దాటిన మనిషికి, పదమూడేళ్లు ఒకే బండి తోలినవాడికి, ఇంకొకరి బండి తాళం ఎవరిస్తారు? ఇంజన్ పాడుచేసుకున్నాడన్న మాట అతనికన్నా ముందే ప్రతి గేటుకీ చేరింది. ఆ మాట పుట్టింది నా నోట్లో.

చివరికి అక్క ఫోను చేసింది. అక్క నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. “ఒరే, మీ కొట్లో ఎవరైనా మనిషి కావాలా?” అంది.

ఇప్పుడు బావ పొద్దున తొమ్మిదికి వస్తాడు. తలుపు తీస్తాడు, అరలు తుడుస్తాడు, తను వీపు మీద మోసిన అరలే. ఒక్క డబ్బా తీసుకోడానికి సిగ్గుపడినవాడు, రోజంతా ఆ డబ్బాలే దించి జనానికి అందిస్తున్నాడు. జీతం ఇస్తే రెండు చేతులతో తీసుకుంటాడు. కొట్లో నన్ను బామ్మర్దీ అనడు. వచ్చినవాళ్ల ముందు “ఓనరుగారు” అంటాడు. మొదటిసారి విన్నప్పుడు ఎగతాళి చేస్తున్నాడనుకుని నవ్వబోయాను. మొహం చూస్తే ఎగతాళి లేదు.

గోడ మీది కాగితం అతను వచ్చే ముందురోజే పీకేశాను. జిగురు గట్టిది కావడంతో నాలుగు మూలలూ ఊడి రాలేదు. ఆ నాలుగు ముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి.

ఫ్లష్ కావాలని ఎవరైనా వస్తే ఇక నేను లేవాల్సిన పని లేదు. నా నోట్లోంచి ప్రశ్న రాకముందే బావ తెల్లకాగితం చించుకుని, పలక ఎత్తి బయటికి వెళ్తాడు. బండి ఎలాంటిదైనా, తెలిసినవాడిదైనా, కొత్తదైనా, వానలో ఉన్నా సరే. బానెట్ ఎత్తిస్తాడు, సీటు ఎత్తాల్సి వస్తే దాని మీది సామాను ఒక్కొక్కటీ తీసి జాగ్రత్తగా కింద పెడతాడు. మూత తిప్పుతాడు, తుడుస్తాడు. నలుపో గోధుమో అతనికి నాకన్నా బాగా తెలుసు. అయినా ఇవ్వమనీ చెప్పడు, వద్దనీ చెప్పడు. ఆ ఆరు అంగలూ నడిచి వచ్చి, కాగితాన్ని కౌంటరు మీద నా ముందు పరిచి, అంచులు ఎగరకుండా రెండు వేళ్లతో నొక్కిపట్టి నిలబడతాడు.

“చూడండి” అంటాడు.

నేను చూస్తాను. రోజుకి మూడుసార్లు, నాలుగుసార్లు. నేను చూశానని చెప్పేదాకా అతను వేళ్లు తియ్యడు.